మీ ఊళ్లో ‘ఇంకో పదేళ్లకి’ అంటే లెక్క ఎట్లా ఉంటుంది?

#1 చీనీతోట

అందరికీ నమస్కారం. బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. సొంతూరు అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు. సర్వీసులో కొన్నాళ్లు కోనసీమలో, అంబాజీపేట దగ్గర పనిచేశాను. అప్పటి నుంచీ బుర్రలో తిరుగుతున్న విషయం ఒకటి ఇక్కడ పెడుతున్నా.

అప్పుకొచ్చిన మనిషి ఫారం మీద రాసేది ఒకటి, ఎదురుగా కూర్చుని మాట్లాడేది ఇంకొకటి. కోనసీమలో రైతు కొబ్బరి మొక్కలు వేస్తానని వచ్చేవాడు. దేశవాళీ కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు. ఈలోపు అరటి వేస్తా, చెట్టు ఎదిగాక నీడలో కోకో పెడతా, మనవడు కాలేజీకెళ్లే టైముకి తోట అందుకుంటుంది అనేవాడు. మాట్లాడుతున్నది అరవై దాటిన మనిషి. తను పోయాక కూడా ఆ చెట్టు కాస్తూనే ఉంటుందని ఆయనకి ఎంత ధీమా అంటే, ఆ సంగతి విడిగా చెప్పాలని కూడా తోచేది కాదు.

మా అనంతపురంలో అదే వయసు రైతు జూన్‌లో వచ్చేవాడు. విత్తనక్కాయ, అంటే విత్తనానికి వేరుశనగ కొనాలి. భార్య గొలుసు, కమ్మలు చేతిగుడ్డలో మూటగట్టి తెచ్చేవాడు. అప్రైజరు తూకం వేస్తుంటే చూపు కాటా మీద ఉండదు, కిటికీలోంచి మబ్బు వైపు ఉంటుంది. ఎప్పుడు విడిపిస్తావప్పా అంటే ‘కాలమైతే సంకురాత్రికి సార్’. కాలమైతే అంటే మా వైపు వానలు సరిగ్గా పడితే అని. పాప పెళ్లి? కాలమైతే. పిల్లోడిని ఇంజనీరింగులో వేస్తావా? కాలమైతే. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే చోట, అదీ పైరు అడిగినప్పుడు పడని చోట, ఆ మనిషి ఇంకేం చెప్పగలడు?

తమాషా ఏంటంటే రెండు చోట్లా టెంకాయే. అక్కడ భూమిలో పాతుతారు. ఇక్కడ అరచేతిలో అడ్డంగా పెట్టుకుని చేనంతా నడుస్తారు. కాయ నిలువుగా లేచిన చోట బోరు పాయింటు. ఆరొందల అడుగులకు పడకపోతే ఎనిమిదొందలు, అక్కడా దుమ్మే లేస్తే వెయ్యి.

రాబోయే రోజుల్ని మనిషి ఎంత దూరం ఊహించుకుంటాడన్నది అతని తెలివి, కష్టం కన్నా అతను నిలబడ్డ నేలని బట్టే ఉంటుందని నా అభిప్రాయం. మీ వైపు ఎట్లా ఉంటుందో రాయండి.

#2 లంకగాలి

చీనీతోట గారూ, మా వాళ్ల గురించి ముచ్చటగా రాశారు. కానీ మీరు చూసిన ఆ ధీమాకి మధ్యలో ఒక పెద్ద గండి ఉందండి. 1996 నవంబర్ 6.

మా వైపు పెద్దవాళ్లు ఏ విషయం చెప్పినా ‘తొంభయ్యారు తుఫానుకి ముందు’, ‘తర్వాత’ అనే చెప్తారు. పెళ్లిళ్లు, పంపకాలు, ఇల్లు కట్టడం అన్నీ. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకెళ్లిన మనుషులే తిరిగి రాలేదు, మాకు పోయినవి చెట్లు. తెల్లారి మా నాన్న తోటలోకి వెళ్తే నడవడానికి దారి లేదట. అన్నీ ఒకే దిక్కుకి తలపెట్టి పడున్నాయి. నాకు గుర్తున్నది మాత్రం ఎండ. ఎప్పుడూ నీడగా ఉండే పెరట్లో నడినెత్తిన ఎండ.

మళ్లీ మొక్కలు వేశారు, అది నిజమే. అయితే ఆ ఏడాది తర్వాతే మా ఇళ్లలో ఒక అలవాటు మొదలైంది. ఇద్దరు కొడుకులుంటే ఒకడు ఊళ్లో, ఒకడు బయట. ఆడవాళ్లయితే కువైట్. ఎవరూ కూర్చుని తీర్మానం చెయ్యలేదు, అలా జరిగిపోయింది.

#3 కౌలుకాగితం

పై ఇద్దరూ రాసింది భూమి ఉన్నవాళ్ల గురించి. నేను అదే గోదావరి జిల్లాలో కౌలుకి చేసే కుటుంబం నుంచి రాస్తున్నా.

> చెట్టు కాస్తూనే ఉంటుందని ఆయనకి ఎంత ధీమా అంటే

ఆ చెట్టు ఆయనది కాబట్టి. మాకు కౌలు ఏడాదికి, నోటిమాట మీద. కాగితం అడిగితే ఆసామి మరుసటేడు పొలం ఇంకొకరికిస్తాడు. 2019 చట్టం కింద కౌలు కార్డు వచ్చింది కదా అంటారు, దానికి కూడా ఆసామి సంతకం కావాలి, ఆయన పెట్టడు. అలాంటి పొలంలో ఎవడైనా కొబ్బరి వేస్తాడా? కనీసం పశువుల ఎరువు తోలతాడా? ఎరువు బలం మూడేళ్లుంటుంది, మేం ఉంటామో లేదో తెలీదు. సార్వా (వానాకాలం పంట) బస్తాలు మక్తాకి, అంటే ఆసామి కౌలుకి పోతాయి, దాళ్వా (రెండో పంట) బాగుంటే మాకేదో మిగులుతుంది. మా నాన్న లెక్కెప్పుడూ దాళ్వా దాటి ముందుకి పోలేదు.

అదే నేల, అదే కాలవ, అదే వాన. గట్టుకి ఇటు ముప్పయ్యేళ్ల ఆలోచన, అటు ఆరు నెలల ఆలోచన. మరి దీన్ని భూగోళం అందామా?

#4 రెడ్డిగుంట

+1. ఈ థ్రెడ్‌లో ఇప్పటికి వచ్చిన అసలు పాయింటు ఇదే.

#5 చీనీతోట

కౌలుకాగితం గారూ, మీరన్నదాంట్లో నాకు పేచీ లేదు. కౌలు రైతుకి అప్పు ఇవ్వలేక వెనక్కి పంపిన కుర్చీలో కూర్చున్నవాణ్ణే. కానీ ఇంకో వైపు కూడా చూడండి. మా ఊళ్లో ఇరవై ఎకరాల పట్టాదారు, ఎవడికీ మక్తా కట్టక్కర్లేదు, సొంత ట్రాక్టరు కూడా ఉంది. ఆయన కూడా ‘కాలమైతే’ అనే అంటాడు. 2000 తర్వాత వరసగా వచ్చిన కరువుల్లో చీనీ (బత్తాయి) తోటలు ఎండిపోతుంటే ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్లని బతికించుకోబోయిన ఆసాములున్నారు. చెట్టూ పోయింది, ట్యాంకరు అప్పూ మిగిలింది. పట్టా పుస్తకం ఉన్నంత మాత్రాన ముప్పయ్యేళ్ల చూపు రాదు. మీ గట్టుకి రెండు వైపులా నీళ్లున్నాయి, అందుకే మీకు గట్టు కనపడుతోంది.

#6 గోదారిబడి

సోషల్ మాస్టార్ని, కాస్త చరిత్ర చెప్పకుండా ఉండలేను.

డెల్టా ధీమా పుట్టుకతో వచ్చింది కాదు. 1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువుకి గుంటూరు సీమలో ఊళ్లకి ఊళ్లు ఖాళీ అయ్యాయి. డొక్కల కరువు అన్నారు దాన్ని. గోదావరి జిల్లాల పరిస్థితీ ఆ రోజుల్లో గొప్పగా లేదు. నది పక్కనే పారుతుంటే చేలు ఎండేవి, వరదొస్తే కొట్టుకుపోయేవి. 1847లో మొదలెట్టి 1852కి కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. 1855కి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట వచ్చింది. ఇవాళ మనం కోనసీమ అంటే కళ్లముందుకొచ్చే పచ్చదనమంతా అక్కణ్ణించి లెక్క. అంటే నూట డెబ్భై ఏళ్ల చిల్లర.

ఆ తర్వాతైనా జనం కుదురుగా కూర్చున్నారా అంటే అదీ లేదు. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి ఓడలెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్ పోయారు. గోదావరి నుంచి ఉత్తరాంధ్ర దాకా ‘రంగం డబ్బు’తో కట్టిన ఇళ్లున్నాయి. 1942లో జపాన్ వాళ్లు బర్మాలోకి వస్తే అడవుల్లో కాలినడకన తిరిగొచ్చారు. బంగారం దారిలోనే పోయింది.

కాబట్టి నేల మనిషి ఊహని తయారుచేస్తుందన్నది సగమే. ఆనకట్ట కట్టి, కాలవ తవ్వి, ఓడ ఎక్కి మనిషి కూడా నేలని మారుస్తాడు.

#7 చీనీతోట

మాస్టారూ, మీ సీమకి కాటన్ దొర దొరికాడు. మాకు 1876-78 ధాత కరువు వచ్చి పోయింది గానీ దొర ఎవరూ రాలేదు. శ్రీశైలం నుంచి వచ్చే హంద్రీ-నీవా కాలవ నీళ్లు మా జీడిపల్లికి చేరేసరికి 2012. ఆ నీళ్లు చెరువుల్లో నిలిచిన ఊళ్లలో బోర్లు లేచాయి, దానిమ్మ, చీనీ మళ్లీ వేస్తున్నారు. నీళ్లు రాని ఊళ్లలో పిల్లలు ఐటీఐ చేసి పెనుకొండ పక్క కియా ఫ్యాక్టరీ వైపు చూస్తున్నారు. పక్కపక్క ఊళ్లే, ఆలోచన మాత్రం వేరే దారి పట్టింది. కాబట్టి మీ మాటా నా మాటా ఒకటేనేమో అని చిన్న అనుమానం.

#8 బాయిదారి

బెల్లంపల్లి నుంచి. నేల పైన ఉన్నదాని గురించే అందరు రాస్తున్నరు, మా దిక్కు నేల కింద ఉన్నదాని ముచ్చట చెప్పనియ్యిండి.

సింగరేణి 1889ల ఇల్లందు కాడ మొదలైంది. బొగ్గు దొరికిన కాడికి ఊరు పోయింది, బొగ్గు అయిపోయినంక ఊరు కూడా అయిపోయింది. ఇల్లందు గట్లనే, మా బెల్లంపల్లి గట్లనే. నేను చిన్నగున్నప్పుడు షిఫ్టు దిగే టైముకు బజార్ల నడవనీకి జాగ ఉండేది కాదు. సైరన్ మోగితే హోటలోడు పూరీలు నూనెల ఏసేటోడు. ఇప్పుడు అదే బజార్ల మెడికల్ షాపులే నడుస్తున్నయి.

బాయిల, అంటే బొగ్గు గనిల పనిచేసేటోని కొడుక్కు చిన్నప్పటి నుంచి ఒకటే దారి. నాయిన తర్వాత నేను. వారసత్వ ఉద్యోగం. అది ఆపినంక ‘మెడికల్ అన్‌ఫిట్’ దారి మిగిలింది. నాయిన పనికి పనికిరాడని డాక్టర్లు రాస్తే కొడుక్కు నౌకరి. ఏ ఇంట్లనన్నా తండ్రికి రోగం వచ్చిందంటే ఏడుస్తరు. మా గల్లీల మెడికల్ బోర్డు కాడికి పోయి ‘ఫిట్’ అని తేలితే ఏడ్చినోళ్లను నేను కండ్లార చూసిన. మంచిగున్నవ్ పో అని డాక్టర్ అంటే ఇంటిల్లిపాదికి దుఃఖం.

తొంభైలల్ల లక్షకు మీదున్న కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టున్నరు. ఓపెన్ కాస్టులు, అంటే పైనుంచి తవ్వే గనులు వచ్చినయి, మిషన్లు తవ్వుతున్నయి. అండర్‌గ్రౌండ్ బాయి అంటే ముప్పై నలభై ఏండ్లు అనుకునేటోళ్లం. ఓపెన్ కాస్టుకు ఊరే ఎప్పుడు లేస్తదో తెల్వదు.

#9 ఛుట్టీమీదున్నా

బాయిదారి అన్నా, మస్తు రాసినవ్. ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అని మనోళ్లు ఊకెనే అనలే. నువ్వు మొదటిది చెప్పినవ్, నేను మూడోది చెప్త. జగిత్యాల దిక్కు మాది.

మా లెక్క రెండేండ్లది. వీసా రెండేండ్లు, ఛుట్టీ రెండు నెలలు, మళ్ల రెండేండ్లు. మా ఊళ్లె ఇండ్లు చూసి ఎవరు ఎన్నిసార్లు పోయొచ్చిండ్రో చెప్పొచ్చు. మొదటి ఛుట్టీకి ఏజెంటు అప్పు తీరుతది. రెండోదానికి పునాది. మూడోదానికి స్లాబు. స్లాబు మీద పిల్లర్ల ఇనుప చువ్వలు పైకి లేపి వదిలేస్తరు, మళ్లొచ్చినప్పుడు పై అంతస్తు ఏద్దామని. కొన్ని ఇండ్ల మీద ఆ చువ్వలు తుప్పు పట్టినయి, మనిషి రాలే. ఆజాద్ వీసా (పని ఖాయం లేని వీసా) మీద పోయి, పని దొరకక, ఖల్లివెల్లి అయి, అంటే కాగితాలు లేకుంట అక్కడ్నే దాక్కున్నోళ్లు ఉన్నరు. ఫోన్ల మాత్రం ‘వచ్చే పండుగకు వస్త’ అంటరు.

కౌలుకాగితం తమ్ముడు చెప్పింది నిజమే. ఎకరం భూమి, అండ్ల ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) నీళ్లు సరిగ్గా పారుతే మా నాయిన నన్ను పంపేటోడు కాదు. కాల్వ చివర ఉన్నది మా పొలం.

#10 వేదిక నిర్వాహకుడు

చర్చ బాగా సాగుతోంది. ఒక్క విన్నపం: ఏ ప్రభుత్వం నీళ్లిచ్చింది, ఏది ఇవ్వలేదు అన్న లెక్కలకి వేరే విభాగం ఉంది. రెండు పోస్టులు అక్కడికి తరలించాం.

#11 క్రియాటినిన్

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి, కవిటి వైపు. పేరు చూసి నవ్వకండి, క్రియాటినిన్ అంటే కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష, మా ఊళ్లో చదువురాని ముసలమ్మకి కూడా ఈ మాట వచ్చు. పొరుగింటావిడ కూర ఏం వండావని అడిగినట్టే ఎంతొచ్చింది అని అడుగుతారు.

లంకగాలి గారు చెట్ల గురించి రాశారు. మాకు 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను. కొబ్బరి, జీడి, పనస మూడూ పోయాయి. ఉద్దానం అంటే ఉద్యానవనం అని బళ్లో చెప్పేవారు, ఆ పొద్దున మా ఇంటి మెట్ల మీద నిల్చుంటే రైలు పట్టాల అవతలి ఊరు కనిపించింది. అంతకుముందు ఎప్పుడూ కనిపించలేదు.

కానీ మా వైపు ఆలోచనని చెట్టు కన్నా ఎక్కువ మార్చింది కిడ్నీ జబ్బు. ఎందుకొస్తోందో దేశదేశాల వాళ్లు వచ్చి పరీక్షలు చేసినా ఇదీ కారణం అని ఒక్కటి తేలలేదు. నీళ్లే అని ఊళ్లో నమ్మకం. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చారు. మంచిదే. అయితే సంబంధాలు చూసేటప్పుడు ఇప్పటికీ అవతలివాళ్లు కట్నం కంటే ముందు అబ్బాయి తండ్రి ఎట్లా పోయాడని అడుగుతారు. మా అన్నయ్యకి ముప్పయ్యారు. పదేళ్ల ప్లాను వెయ్యమంటే వాడు చెప్పేది, నలభై దాటేలోగా పిల్ల చదువుకి డబ్బు పక్కన పెట్టాలి. నలభై తర్వాత గురించి మాట్లాడడు. జబ్బు లేదు వాడికి, ఇప్పటిదాకా అన్ని రిపోర్టులూ నార్మలే.

#12 లంకగాలి

చెల్లెమ్మా, చదివి ఏం రాయాలో తెలియలేదు. అన్నయ్య రిపోర్టులు ఎప్పుడూ అలాగే ఉండాలి.

#13 ఉప్పాడ కెరటం

కాకినాడ పక్కన ఉప్పాడ. మాది వేట కుటుంబం. ఊరికి వచ్చిన చుట్టాలు మీ తాతగారి ఇల్లెక్కడ అంటే సముద్రంలోకి చెయ్యి చూపిస్తాం. జోక్ కాదు. సముద్రపు కోతకి వరసల వరసల ఇళ్లు పోయాయి. కాకినాడ బీచ్ రోడ్డు ఎన్నిసార్లు తెగిందో, ఎన్నిసార్లు రాళ్లు పోశారో లెక్కలేదు.

అందుకే మావాళ్లు ఇంటి మీద డబ్బు పెట్టరు. బోటు మీద, ఇంజిన్ మీద, వల మీద పెడతారు. బయటివాళ్లు చూసి ‘ఇంత సంపాదిస్తారు, రేకుల షెడ్డులో ఉంటారేంటి, ముందుచూపు లేదు’ అంటారు. బోటుని పక్క రేవుకి తీసుకుపోవచ్చు, ఇంటిని తీసుకుపోలేం. నాకైతే ఇదే అసలైన ముందుచూపు.

ఇంకోటి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మా ఏడాది అక్కడ మొదలవుతుంది, జనవరిలో కాదు. వలలు బాగుచేసుకోవడం, అప్పులోళ్లతో మాట్లాడుకోవడం, పెళ్లి ముహూర్తాలు అన్నీ ఆ రెండు నెలల్లోనే. శ్రీకాకుళం వైపు మా చుట్టాలు అడ్వాన్సు తీసుకుని గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీదకి వెళ్తారు. 2018 నవంబర్‌లో వాళ్లలో కొందర్ని పాకిస్తాన్ వాళ్లు పట్టుకున్నారు, 2020 జనవరిలో గానీ వదల్లేదు. వాళ్లు తిరిగొచ్చాక మళ్లీ వెళ్తారా అని టీవీవాళ్లు అడుగుతుంటే నాకు ఒళ్లు మండింది. ఊళ్లో జెట్టీ లేకపోతే ఇంకెక్కడికి వెళ్తారు?

#14 మునిగినూరు

శ్రీశైలం ముంపు కుటుంబం. 1981లో ఖాళీ చేయించినప్పుడు నేను పుట్టలేదు. కృష్ణ, తుంగభద్ర కలిసే వైపు మా ఊరు.

ఎండాకాలం నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, జనం దర్శనానికి పోతారు. మా తాత గుడికి పోయేవాడు కాదు, అటుపక్క బురదలో మా ఊరి మొండిగోడలు వెతికేవాడు. ఇది మన గాడిపాడు, ఇది చావిడి అని నాకు చూపించేవాడు. వానలు పడితే మళ్లీ మునుగుతుంది. ఏటా ఒకసారి ఊరు పైకి వచ్చిపోతుంటే ఎవరికైనా కొత్తచోట మనసు కుదురుతుందా? పునరావాసపు ఊళ్లో తాత చెట్టు నాటలేదు, నాటనివ్వలేదు.

మా నాన్నది ఇంకో రకం. నిర్వాసితులకి ఇంటికో ఉద్యోగం అన్న జీవో 98. ఈ ఏడు లష్కర్ (కాలవ కాపలా) పోస్టులు పడతాయి, వచ్చే ఏడు పడతాయి అని వయసు దాటిపోయేదాకా ఎదురుచూశాడు. వేరే పని గట్టిగా నేర్చుకోలేదు, ఎందుకంటే ఉద్యోగం వస్తుంది కదా. తాత వెనక్కి చూస్తూ, నాన్న ముందుకి చూస్తూ, ఇద్దరూ చేతిలో ఉన్న కాలాన్ని పోగొట్టుకున్నారని నా కోపం. డ్యాము కింద కరెంటు, కాలవల కింద పంటలు, చీనీతోట గారు చెప్పిన హంద్రీ-నీవా నీళ్లూ మా ఊరి మీద నిలబడ్డ నీళ్లే.

#15 చీనీతోట

మునిగినూరు, ఆ చివరి వాక్యం మా జిల్లావాళ్లందరూ చదవాలి నాయనా.

#16 వెయ్యిగజాలు

ఇంతమంది రాశాక అమరావతి రాజధాని ఊరి నుంచి నేను రాయకపోతే బాగోదు. తుళ్లూరు మండలం. నిర్వాహకుడు గారూ, పార్టీల పేరెత్తను, భయపడకండి.

మాది జరీబు, కృష్ణ ఒడ్డున నీటి వసతి ఉన్న భూమి. ఏడాది పొడుగునా ఏదో ఒకటి చేలో ఉండేది. అరటి, దొండ, కూరగాయలు, పూలు. పొద్దున్నే మార్కెట్‌కి పోవాలి, డబ్బు సాయంత్రానికి చేతిలో. అట్లాంటి ఊళ్లకి 2015లో ఒక మ్యాపు వచ్చింది. 29 గ్రామాలు, 33 వేల ఎకరాల పైన పూలింగుకి, అంటే రాజధాని కట్టడానికి ప్లాట్ల బదులు ఇచ్చాం. ఎకరానికి ఇళ్లస్థలం వెయ్యి గజాలు, దానిమీద కమర్షియల్ కొంత, పదేళ్లపాటు కౌలు, జరీబుకి ఏడాదికి 50 వేలతో మొదలై ఏటా ఐదు వేల పెంపు. నిన్నటిదాకా సెంట్లు, కుంచాలు, గెలలు అని మాట్లాడుకున్నవాళ్లం గజాలు, ఫేసింగు, కార్నర్ బిట్ అని మాట్లాడ్డం మొదలెట్టాం. మా అత్తగారు ప్లాటు నంబరు కాగితాన్ని దేవుడి గూట్లో పెట్టింది.

2019 డిసెంబర్‌లో ఆ మ్యాపు మీద నీళ్లు పోశారు. రోడ్లకి పోసిన కంకరలో తుమ్మచెట్లు లేచాయి. పిల్ల సంబంధానికి వచ్చినవాళ్లు ‘ప్లాటు వద్దండీ, క్యాషు ఎంత’ అన్నారు. 2024లో పనులు మళ్లీ మొదలయ్యాయి, అదే ప్లాటు ఇప్పుడు అడుగుతున్నారు. నేల మారలేదు, కృష్ణ అక్కడే ఉంది, కొండవీటి వాగూ అక్కడే. మారిందల్లా ఎక్కడో కూర్చుని గీసిన గీతలు. మాకు ఇప్పుడు మబ్బు చూడ్డం రాదు, వార్తలు చూడ్డం వచ్చు.

#17 కౌలుకాగితం

అక్కా, మీ ఊళ్లో కూలీకెళ్లేవాళ్లకి ఏమొచ్చింది?

#18 వెయ్యిగజాలు

నెలకి 2,500 పింఛను ఇచ్చారు తమ్ముడూ. మా చేలో దొండకాయ కోసే ఆవిడకి రోజూ పని ఉండేది, అది పోయింది. ప్లాటు లేదు కాబట్టి మ్యాపులో ఆవిడ ఎక్కడా లేదు. ఆటోలో పొరుగు మండలాలకి మిర్చి కోతలకి వెళ్తోంది. నువ్వు ఎందుకు అడిగావో అర్థమైంది.

#19 డాలస్‌బాబు

డాలస్ నుంచి. మీ అందరి ముందు నా బాధ చిన్నదే, కానీ టాపిక్‌కి అతికినట్టు ఉంటుందని రాస్తున్నా. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతం అని పరిమితి. ఏ పౌరసత్వం అన్నది కాదు, ఏ దేశంలో పుట్టావన్నదే లెక్క. నేను తెనాలిలో పుట్టాను. మా టీమ్‌లో నా తర్వాత వచ్చిన నైజీరియా అతనికి కార్డు వచ్చేసింది, క్యూలో నా వంతు చెప్పే ప్రయారిటీ డేట్ దగ్గరికి లైను కదలదు. పాపని ఇక్కడికి తెచ్చినప్పుడు చంటిపిల్ల. దానికి ఇరవై ఒకటి నిండితే నా మీద ఆధారపడ్డ వీసా పోతుంది. ఇల్లు కొనాలా, తెనాలిలో నాన్న కట్టిన డాబా ఉంచుకోవాలా, రెండూ తేలవు. ఆ లైను ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ ప్రతి నెలా వస్తుంది, తెరిచి చూసి మూసేస్తాను.

#20 ఛుట్టీమీదున్నా

డాలస్ అన్నా, కాలమైతే వస్తది 😀

#21 డాలస్‌బాబు

😀 ఇది స్క్రీన్‌షాట్ తీసి మా వాట్సాప్ గ్రూపులో పెడుతున్నా.

#22 బొంబాయిబస్సు

పాలమూరు, నారాయణపేట దిక్కు. థ్రెడ్ మొత్తం చదివిన. అందరు నేల మనిషిని ఏం చేసిందో రాసిండ్రు. మా కాడ నీళ్లొచ్చినంక ఏమైందో కొంచెం చెప్త.

మా అమ్మానాయిన మేస్త్రీ కాడ అడ్వాన్సు తీస్కొని బొంబాయి, పూనా పోయేటోళ్లు. దేశంల ఏ డ్యాము కాడికి పోయినా పాలమూరు లేబర్ ఉంటుండె, మా ఊళ్లె మాత్రం చెరువుల చుక్క లేకుండె. నేను అవ్వ కాడ పెరిగిన. దసరాకు, పీర్ల పండుగకు వస్తరని ఎదురుచూసుడు. ‘పెద్దయినంక ఏమైతవ్’ అని సారు అడిగితే క్లాసుల సగం మంది బొంబాయి పోత అన్నరు. పని పేరు చెప్పలే, ఊరి పేరు చెప్పిండ్రు.

భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి లిఫ్టుల నీళ్లు వచ్చిన ఊళ్లల్ల ఇప్పుడు వరి పండుతున్నది. నాట్లకు బిహార్ నుంచి కూలీలు వస్తున్నరు. మా పక్క ఊళ్లె రైతు వాళ్లకు వండి పెట్టనీకి రేకుల షెడ్డు ఏసిండు, మా నాయిన పూనాల ఉన్న షెడ్డు కూడా గట్లనే ఉండె. నీళ్లు రాని ఊళ్ల నుంచి బస్సు ఇప్పటికీ పోతున్నది. అయితే పిల్లలు మాత్రం మారిండ్రు. బొంబాయి అంటలేరు. హైదరాబాద్ అంటున్నరు, రీజినల్ రింగ్ రోడ్డు ఎటునుంచి పోతది అని అడుగుతున్నరు. కాల్వ కింద ఎకరం ఉన్నోడు కూడా కొడుకును వ్యవసాయంల ఉండనిస్తలేడు. మాస్టారు గారు చెప్పినట్టు నేల మారింది. మనుషుల నుంచి ఆ బస్సు ఇంకా దిగలే.

#23 గోదారిబడి

బొంబాయిబస్సు గారూ, ఈ పోస్టు మా పదో తరగతి పిల్లలకి చదివి వినిపించవచ్చా? పేరు చెప్పను.

#24 బొంబాయిబస్సు

చెప్పుండ్రి సార్. పేరు కూడ చెప్పుండ్రి, యూజర్ నేమే గద.

#25 క్రియాటినిన్

లంకగాలి గారూ, టాపిక్ పక్కకి పోతోంది గానీ ఒకటి అడగాలి. తిత్లీలో పోయిన తోటలో సగం జాగా ఇంకా ఖాళీ. ఈ ఏడు మొక్కలు వేద్దామనుకుంటున్నాం. నాన్న దేశవాళీ కొబ్బరే వెయ్యాలంటారు, డెబ్భై ఏళ్ల మనిషి. నేను గోదావరి గంగ అనే హైబ్రిడ్ కొబ్బరి వేద్దామంటున్నా, నాలుగేళ్లకే కాపు వస్తుందట. అన్నయ్య రెండూ వద్దు, జీడి చాలంటాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ.

#26 లంకగాలి

మీ బోరు ఎండాకాలం అందుతుందా? హైబ్రిడ్‌కి నీళ్లూ ఎరువూ తప్పకుండా ఇవ్వాలమ్మా, లేకపోతే నాలుగేళ్లకి రాదు. నీటి వసతి ఉన్న పక్క గోదావరి గంగ వెయ్యండి, లేని పక్క నాన్నగారి మాట వినండి. ఏదైనా ఇరవై అయిదు అడుగుల ఎడం వదలండి, ఆశకొద్దీ దగ్గరగా వేస్తే తర్వాత బాధపడతారు. మొక్కలు మాత్రం రోడ్డు పక్క నర్సరీలో కొనకండి. అంబాజీపేట పరిశోధన కేంద్రంలో ముందే అడిగి పేరు రాయించుకోండి. తెల్లదోమ ఎట్లా ఉందో కూడా అక్కడే అడగండి, మా వైపు బాగా ఇబ్బంది పెట్టింది.

#27 క్రియాటినిన్

బోరు మే నెలలో గంటన్నర పోస్తుంది. నాన్నకి ఇది చూపించాను. ఇరవై అయిదు చాలదు, ముప్పై అడుగులు ఉండాలట. ఎందుకంటే మధ్యలో మళ్లీ పనస వేస్తారట.